గీకొద్దన్నాను

నా పాత లారీ క్రేన్ ఏమైందని అడిగినవాళ్లందరికీ ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతూ వచ్చాను. "అమ్మినవాడు మోసం చేశాడండీ. పగులుకి వెల్డింగ్ పెట్టి, పైన రంగు కొట్టి అంటగట్టాడు." విన్నవాళ్లు అయ్యో అనేవారు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పగులు ఉంది, వెల్డింగ్ ఉంది, పైన రంగూ ఉంది. అయితే ఆ బేరం జరిగిన రోజు నేనన్న మాట ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

విశాఖలో చెట్ల కోత నా పని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక ఊరంతా చెట్లు పడి ఉండేవి. రంపం పట్టగలిగిన ప్రతివాడికీ పని దొరికింది. నేనూ అప్పుడే ఇందులోకి దిగాను. నాతోపాటు మా ఊరి నుంచి మావయ్య వచ్చాడు. సొంత మేనమామ కాదు, వరసకి మావయ్య. చిన్నప్పటి నుంచీ మోకు కట్టుకుని తాటిచెట్లెక్కిన మనిషి. కొమ్మ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, లోపల డొల్లో గట్టో చెప్పేవాడు. నాకు రంపం పట్టడం నేర్పింది ఆయనే.

పడిన చెట్టుని ముక్కలు చేయడం ఒక ఎత్తు. నిలబడి ఉన్న నిద్రగన్నేరుని డాబా మీద నుంచి, కరెంటు తీగల మధ్య నుంచి దించడం ఇంకో ఎత్తు. పై కొమ్మ మీదుగా తాడు వేసి, కింద ఇద్దరు బిగబట్టి ఉంటే, మావయ్య మూరా బారా ముక్కలుగా కోసి దించేవాడు. పెద్ద చెట్టయితే మూడు రోజులు పట్టేది. అదే క్రేన్ ఉంటే ఒక పూట పని. హైడ్రా క్రేన్లు అద్దెకి తెచ్చి చూశాను. వాటి బూమ్, అంటే బరువెత్తే చెయ్యి, ముందుకే గానీ పక్కకి తిరగదు. బరువుతో మలుపు తిరిగితే, అందులోనూ విశాఖ వీధుల వాలులో, బండి ఒరుగుతుందేమోనని గుండె దడదడలాడేది. జాకీలు దింపుకుని, నిలబడిన చోటి నుంచే చుట్టూ తిరిగి ఎత్తే లారీ క్రేన్ కావాలనిపించింది. కొత్తది కొనే స్తోమత లేదు.

2017 ఫిబ్రవరిలో ఒకటి దొరికింది. బేరం పదకొండు లక్షల నలభై వేలకి తెగింది. కాగితాల దగ్గర నేనెంత జాగ్రత్తగా ఉన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆర్సీ మీద ఫైనాన్స్ తీరిందా, దానికి ఫారం 35 ఉందా, పేరు మార్పుకి 29, 30 ఫారాల మీద సంతకాలు సరిపోయాయా, ఫిట్‌నెస్ ఎప్పటి వరకుంది, ఇన్సూరెన్స్ ఎప్పుడు తీరుతుంది, ట్యాక్స్ బకాయి ఉందా, అన్నీ రెండేసి సార్లు చూశాను. చాసిస్ నంబరు మీద గుడ్డతో రుద్ది మరీ చదువుకున్నాను.

ఇనుము చూడ్డానికి హైడ్రాలిక్ పని తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకెళ్లాను. మావయ్య కూడా వచ్చాడు. మేస్త్రీ పనిమంతుడు. పాత ఇంజన్ బ్లాకు ఒకటి ఎత్తించి, అలాగే గాల్లో పది నిమిషాలు ఆపించాడు. సిలిండర్ లోపల సీళ్లు పోయుంటే బూమ్ దానంతటదే దిగుతుందన్నాడు. దిగలేదు. బూమ్ కొన పట్టుకుని పైకీ కిందికీ ఊపి పిన్నులు, బుష్షులు ఎంత అరిగాయో చూశాడు. వైర్ రోప్‌ని గుడ్డతో నిమురుతూ పోయాడు. తెగిన పోగుంటే గుడ్డ పట్టేస్తుంది. బూమ్ తిరిగే బేరింగ్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఒక్కోటి చూసినప్పుడల్లా నా వైపు తిరిగి తలూపుతుంటే నా ప్రాణం కుదుటపడేది.

చివర్న బూమ్ కిందికెళ్లాడు. ఎత్తే సిలిండర్ బూమ్‌ని పట్టుకునే బ్రాకెట్ దగ్గర, జానెడు మేర పసుపు రంగు మిగతా చోటికన్నా కొత్తగా ఉంది. నాకూ కనబడింది. అసలు మేస్త్రీ కన్నా ముందు, నేను మొదటిసారి బండి చూసిన రోజే కనబడింది. మేస్త్రీ జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు.

"ఇక్కడ కాస్త గీకి చూద్దాం సార్. వెల్డింగ్ ఉంటే డీపీ టెస్ట్ కుర్రాణ్ని పిలుస్తా. గంట పని."

డీపీ టెస్ట్ అంటే పెద్ద ఖర్చేం కాదు. ఇనుము మీద ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల పౌడర్ కొడతారు. వెంట్రుకవాసి పగులున్నా అందులోకి దిగిన ఎరుపు తెలుపు మీద గీతలా పైకొస్తుంది. వెల్డింగ్ పనులు జరిగే ఈ ఊళ్లో తెలియనిదేం కాదు.

"గీకొద్దు మేస్త్రీ. వాళ్ల ముందు బాగోదు," అన్నాను.

"గీకనీ అల్లుడూ, ఏటి పోతాది?" అన్నాడు మావయ్య.

నేను ఆయన వైపు చూడలేదు. మేస్త్రీ బిళ్ల జేబులో వేసుకున్నాడు.

బాగోదన్నది సాకు. అప్పటికే యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టి వచ్చాను. పై వారం ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరు చెట్లకి పని ఒప్పుకున్నాను, సొంత క్రేన్‌తో వస్తానని. ఆ రంగు కింద ఏముందో తెలిస్తే బండి కొనలేను. బండి లేకుండా ఇంటికెళ్లే ధైర్యం లేదు. అందుకని తెలియకుండా చూసుకున్నాను.

చెట్ల పనిలో క్రేన్ మీద పడే బరువుకి ఒక తేడా ఉంది. ఇనుప దూలం ఎత్తితే బరువు నెమ్మదిగా తెలుస్తుంది. ఎక్కువనిపిస్తే మళ్లీ నేల మీద పెట్టేయొచ్చు. చెట్టు దగ్గర అలా కుదరదు. ముందు బెల్టు వేసి, క్రేన్‌తో బిగించి, ఆ తర్వాత కోస్తాం. కోత పూర్తయిన క్షణాన మొత్తం బరువు ఒక్క కుదుపుతో బూమ్ మీదికొస్తుంది. దాన్ని తిరిగి చెట్టు మీద పెట్టలేం. అరవై సెంటీమీటర్ల లావు, మూడు మీటర్ల పొడవున్న పచ్చి మాను ముక్క దగ్గర దగ్గర ఎనిమిదిన్నర క్వింటాళ్లుంటుంది. బూమ్ ఎంత చాస్తే అంత తక్కువ మోస్తుంది. పన్నెండు టన్ను మీటర్ల క్రేన్ రెండు మీటర్ల దగ్గర ఆరు టన్నులు ఎత్తితే, పది మీటర్ల దగ్గర ఒక టన్ను చిల్లర. బూమ్ బరువు తీసేస్తే ఇంకా తక్కువ. ఈ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ లెక్కల చార్టు దాటి ఒక్క ముక్క ఎత్తనివ్వలేదు. ఆ లెక్కలన్నీ బూమ్ గట్టిగా ఉన్నప్పటి మాట.

ఆగస్టులో, రాత్రంతా వాన పడి తెరిపిచ్చిన పొద్దున, ఒక ఇంటి మీదికి వాలిన నిద్రగన్నేరు కోస్తున్నాం. నాలుగో ముక్క. చార్టు ప్రకారం మోయాల్సిన బరువే. మావయ్య రంపం ఆపి, నడుముకున్న తాడు సవరించుకుంటూ వెనక్కి జరిగాడు. టప్పుమని చప్పుడైంది. కొమ్మ విరిగిందనుకున్నాను. విరిగింది బూమ్. ఆ బ్రాకెట్ దగ్గరే మడత పడింది. గాల్లో ఉన్న ముక్క వెనక్కి ఊగి, మావయ్య కుడి మోకాలిని మానుకేసి నొక్కేసింది.

ఆయన్ని కిందికి దించి ఆసుపత్రికి పంపాక, నేను బూమ్ దగ్గరికెళ్లాను. విరిగిన చోట ఇనుము సగం తళతళా మెరుస్తోంది, అప్పుడే తెగింది. మిగతా సగం గోధుమరంగు తుప్పు. పగులు ఎప్పటి నుంచో ఉందని ఆ తుప్పు చెబుతోంది. దాన్ని చూడగానే నాకు ముందుగా కలిగింది ఊరట. అవును, ఊరటే. తప్పు అమ్మినవాడిదని చూపించడానికి సాక్ష్యం దొరికిందనుకున్నాను. అప్పటి దాకా తిడుతూ వచ్చిన క్రేన్ ఆపరేటర్ని వదిలేసి, ఆ నిమిషం నుంచి అమ్మినవాణ్ని తిట్టడం మొదలుపెట్టాను. మావయ్య ఇంకా ఆసుపత్రికి చేరలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. పనిలో దెబ్బ తగిలినవాళ్లకి యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నుంచీ చట్టం ఉంది. దానికోసం పాలసీలు ఉంటాయి. బండికి ఇన్సూరెన్స్ కట్టాను, మనుషులకి కట్టలేదు. ఆపరేషన్ ఖర్చంతా పెట్టుకున్నాను, ఆ తర్వాత నెలనెలా కొంత ఇస్తున్నాను. చుట్టాలంతా నన్ను మెచ్చుకుంటారు. మంచోడు, వదిలేయలేదు అంటారు. ఆ మెప్పుని కాదనకుండా పుచ్చుకున్నాను.

మావయ్య ఆ రూపాయి బిళ్ల సంగతి మర్చిపోయాడనే అనుకుంటూ వచ్చాను. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు, అరుగు మీద పక్కింటాయన కాలి గురించి అడిగాడు. మావయ్య నన్నోసారి చూసి, "అమ్మినోడు మోసం చేసీసినాడురా. మావోడికేటి తెలుస్తాది పాపం," అన్నాడు. నా కథనే నా కోసం చెప్పాడు. అప్పుడర్థమైంది, ఆయనేమీ మర్చిపోలేదని. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే ఆయన మంచం దగ్గర కూర్చుని, "గీకొద్దన్నది నేనే మావయ్యా," అన్నాను. "తెలుసు," అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అడిగితే క్షమిస్తాడని తెలుసు.

ఆ పక్కింటాయనకీ, నా నోట ఈ కథ విన్న మిగతావాళ్లకీ అసలు సంగతి ఇది. అమ్మినవాడు పగులు దాచిన మాట నిజం. దాన్ని బయటపడనివ్వనిది నేను. మావయ్య మోకాలు ఇప్పటికీ సగమే వంగుతుంది. ఆయన మళ్లీ చెట్టెక్కలేదు.