పిల్లలు అడుగదగిన యిల్లు

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 6:4–9, 20–25



"మా పిల్లగానికి కొంచెం వాక్యం నేర్పుండ్రి, అయ్యగారూ" అని ఈ నారాయణరావుపేట ప్రాంతమున పలువురు మాతో చెప్పుచుందురు. ఆదివారపు బడికి పంపితిమి గనుక తమ పని తీరినదని వారి తలంపు. ఆ బడి మంచిదే. అయితే అది వారమునకు ఒక్క గంట. వారములో 168 గంటలు కలవు. మిగిలిన 167 గంటలు బిడ్డ ఎవరియొద్ద నేర్చుకొనుచున్నాడు?

మోషే ఈ పనిని యాజకులకు మాత్రమే విడిచిపెట్టలేదు, ఇంటివారికి అప్పగించెను. వారు మొదట ఆ మాటలను తమ హృదయములో ఉంచుకొని, తరువాత పిల్లలకు చెప్పవలెను. కుండలో లేనిది గంటెలోనికి ఎట్లు వచ్చును? చెప్పుటకు ఆయన చూపిన సమయములు నాలుగు: ఇంట కూర్చుండుట, త్రోవ నడచుట, పండుకొనుట, లేచుట. ఇవి పండుగ దినములు కావు, ప్రతి దినము జరుగునవే.

ఇంట కూర్చున్నప్పుడు: అన్నము ముందర కన్నులు మూసి స్తోత్రము చెల్లించిన నోటితోనే, కూరలో ఉప్పు తక్కువైనదని భార్యను తిట్టితిమా, ఆ రెండింటిలో ఏది నిజమో బిడ్డ గ్రహించును.

త్రోవను నడచునప్పుడు: దుకాణదారుడు పొరపాటున పది రూపాయలు ఎక్కువ ఇచ్చినప్పుడు మన చేయి ఎటు పోవునో బిడ్డ చూచుచుండును. వడ్లు అమ్మునప్పుడు తడిసినవి అడుగున, ఎండినవి పైన పోసితిమా, ఆ దినమున మనము చేసిన ప్రసంగము అదియే.

పండుకొనునప్పుడు: చేతిలోని ఫోను ప్రక్కన పెట్టి, బిడ్డను దగ్గరకు తీసికొని, వాని సొంత మాటలతోనే చిన్న ప్రార్థన చేయనిండు. పగలు అన్యాయముగా కొట్టియుంటిరా, "నేను కొట్టుడు తప్పు, బిడ్డా" అనుటకు సిగ్గుపడకుడి. క్షమాపణ అనగా ఏమో వానికి అంతకంటె బాగుగా బోధించు పాఠము లేదు.

లేచునప్పుడు: నీళ్లు తెచ్చుటకు, పొలము పోవుటకు ముందు ఒక్క వాక్యము, ఒక్క కీర్తన చాలును. చదువు రానివారు బడికి పోవు బిడ్డచేతనే చదివించుకొనవచ్చును.

ఇట్లు నడచుకొనిన యింట ఒక దినము బిడ్డ అడుగును: "నాయినా, మనం ఎందుకిట్ల చేస్తం?" అధ్యాయము చివర మోషే ఈ ప్రశ్నను ముందుగానే తలంచెను. గమనించుడి: ఇంట అడుగదగినది ఏదైనను కనబడినప్పుడే బిడ్డ అడుగును. అందరివలెనే అబద్ధమాడి, అందరివలెనే పగబట్టు యింట వాడు ఏమని అడుగును?

ఆ ప్రశ్నకు మోషే నేర్పిన జవాబు కూడ వింతయైనది. ఆజ్ఞల పట్టికతో అది మొదలు కాదు, ఇంటి కథతో మొదలగును: మనము ఐగుప్తులో దాసులము, ప్రభువు మనలను వెలుపలికి తెచ్చెను. మనకును అట్టి కథ కలదు. నైజాము కాలమున మనలో అనేకుల తాతముత్తాతలు దొరల గడీలలో కూలి లేని వెట్టి చేసిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును పోస్నెట్టు దొరగారు కరవులో ఆకలిగొన్నవారికి పనియు అన్నమును కల్పించి కట్టించిరి. ఆ గుడిని పిల్లలకు చూపి రంగుల అద్దములు, ఎత్తయిన గోపురము మాత్రమే చెప్పి తిరిగి రాకుడి. ఆ రాళ్లు మోసినది ఆకలిగొన్న కూలివారని చెప్పుడి. మీ అవ్వ ఎట్లు నమ్ముకొన్నదో, ఏ కష్టములో ప్రభువు ఆమెను విడువలేదో చెప్పుడి. ఆమె పోయిన తరువాత ఆ కథ చెప్పువారు ఎవరు?

"మా ఆయన గుడికి రాడు, నేనొక్కదాన్ని ఏం చేస్తును?" అని తల్లులు కన్నీళ్లతో అడుగుదురు. అమ్మా, తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆయన విశ్వాసమును గూర్చి లేఖనము ఏమియు చెప్పదు. అవ్వ లోయి, తల్లి యునీకే, ఈ యిద్దరి విశ్వాసమునే పౌలు జ్ఞాపకము చేసికొనెను. నీవొక్కతెవు చాలవని తలంచకుము.

మరి కొందరు నమ్మకముగా పెంచియు, పట్నము పోయిన కుమారుడు గుడి మరచెనని దుఃఖించుచున్నారు. సమూయేలు వంటి ప్రవక్త కుమారులును తండ్రి త్రోవను నడువలేదు. విత్తుట మన వంతు, మొలిపించుట దేవుని వంతు. వాని కొరకు ప్రార్థన మానకుడి. వాడు వచ్చిన దినమున తలుపు మూయకుడి. తప్పిపోయిన కుమారునికి దూరదేశములో జ్ఞాపకమునకు వచ్చినది తండ్రి యిల్లే గదా!

ఈ రాత్రియే మొదలుపెట్టుడి. దీపము ఆర్పుటకు ముందు మీ యింటి కథలో ఒక్కటి బిడ్డకు చెప్పి, వాని తలమీద చేయి ఉంచి ప్రార్థించుడి. మన యిండ్లను ప్రభువు తన బడులుగా చేయును గాక. ఆమేన్.