అడుగున తిరిగే చేపకు అన్నం ఎవరు పెట్టాలి?

చెన్నైలో రంగు చేపలు కావాలంటే చాలామంది కొళత్తూరు పోతారు. అక్కడ ఎటు చూసినా చేపల అంగళ్ళే. గప్పీలు, మోలీలు, టెట్రాలు ఏరుకున్నాక అంగడివాళ్ళు ఒక మాట అంటారు: "అడుగున తిరిగేది కూడా ఒకటి ఏసుకోండి, చెత్తంతా అదే తినేస్తుంది." అట్లా అమ్మే చేపల్లో ఒకటి కోరిడోరస్. అడిగేవాళ్ళూ అమ్మేవాళ్ళూ దాన్ని "క్లీనర్" అనే అంటారు.

ఒక ప్రాణిని అది మనకు చేసే పని పేరుతో పిలవడం తప్పా? ఈ మాట అడిగితే, "చేపకు తెలుగు వచ్చా, తమిళం వచ్చా? ఏ పేరు పెడితే దానికేం?" అని మా తరగతిలో నవ్వారు. నవ్వదగ్గ మాటే. అయినా పేరు తెలియకపోయినా, ఆ పేరు వల్ల వచ్చే కష్టం దానికి తెలుస్తుందని నా వాదన.

ముందు చేపను సరిగా చూద్దాం. ఇది దక్షిణ అమెరికా నదులది, వాగులది. మన జెల్ల, వాలుగల మాదిరి మీసాలున్న చేపే గాని వేలు పొడుగుకు మించి పెరగదు. ఒంటిమీద పొలుసులుండవు. రెండు పక్కలా రెండేసి వరుసల ఎముక పలకలు, పెంకుటింటి కప్పు మాదిరి ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. కన్ను కిందికి తిప్పిందంటే మనకు కన్ను కొట్టినట్టే ఉంటుంది. అప్పుడప్పుడు సర్రున పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి మళ్ళీ అడుక్కి పోతుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను పేగుతో పీల్చుకుంటుంది. చూసినవాళ్ళు ఊపిరాడక కొట్టుకుంటోందేమో అని భయపడతారు గాని, అప్పుడొకసారీ అప్పుడొకసారీ అయితే అది దాని అలవాటే. అదే పనిగా వస్తుంటే మాత్రం నీళ్ళు బాగాలేవని అర్థం.

ఇందులో రకాలు చాలా ఉన్నాయి. కంచు కోరీకి ఒంటిమీద ఆకుపచ్చ మెరుపు ఉంటుంది. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళతో అమ్మేవి చాలావరకు ఈ కంచు కోరీ పిల్లలే. మిరియాలు చల్లినట్టు మచ్చలున్నదాన్ని మిరియాల కోరీ అనుకోవచ్చు. డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరించిన చేపల్లో ఇదొకటి, 1842లో జెనిన్స్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. కంటిమీద నల్లపట్టీ ఉన్నది పాండా. "జూలీ" అని అమ్మేవాటిలో చాలావరకు జూలీలు కావు, మూడు గీతల కోరీలు. తల చూస్తే తెలుస్తుంది. చుక్కలు విడివిడిగా ఉంటే జూలీ, చుక్కలు ఒకదానికొకటి కలిసి వంకర గీతలైతే మూడు గీతలది. 2024లో శాస్త్రజ్ఞులు ఈ చేపలన్నిటినీ ఏడు ప్రజాతులుగా సర్దారు. దాంతో కంచు కోరీ ఆస్టియోగాస్టర్ అయింది, మిరియాల కోరీ హోప్లిసోమా అయింది. పాత పుస్తకం చదివేవాళ్ళు తికమక పడకండి.

ఇంత పట్టి పట్టి పేరు తెలుసుకోవడం దేనికి? పరీక్షలో మార్కులు రావు. కానీ మిరియాల కోరీ చల్లటి నీళ్ళది, 24 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది. పాండాకూ వేడి పడదు. ఒళ్ళంతా తెల్ల చుక్కలు, రెక్కల ముల్లు దగ్గర నారింజ రంగు ఉండే స్టెర్బా కోరీ 28 దాకా ఓర్చుకుంటుంది. మే నెలలో మన ఇళ్ళలో తొట్టి నీళ్ళు 30 దాటతాయి. అన్నిటినీ "క్లీనర్" అని ఒకే మాటతో పిలిచేవాళ్ళకు ఈ తేడా ఎట్లా తెలుస్తుంది? అసలు పేరు తెలిస్తేనే దానికేం కావాలో అడిగి తెలుసుకోగలం.

ఇంకో సంగతి. కోరీ చెత్త తినదు. మిగిలిన గింజలు ఏరుకుంటుంది, అంతే. చేపల పెంటను ఏ కోరీ తినదు, పైగా తన పెంట కూడా కలుపుతుంది. అందులోంచి వచ్చే అమోనియాను మార్చేది ఫిల్టర్‌లో పెరిగే సూక్ష్మజీవులు. మిగతాది వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చే మన చెయ్యి. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే, అడుగు మురికిగా ఉంటే మొదట దెబ్బ తినేది కోరీనే. ఇసుకలో మూతి పెట్టి వెతకడం దాని బతుకు. ఆ మురికిలో దాని మీసాలు పుండ్లు పడి అరిగిపోతాయి. మొనదేలిన రాళ్ళుంటే ఇంకా కష్టం. మురికి పోగొడుతుందని తెచ్చిన చేపను మురికే తినేస్తుంది.

"ప్రకృతిలో దానికి ఎవరు గింజలు పెట్టారు?" అని ఒక అన్న అడిగాడు. మంచి ప్రశ్న. వాగులో ఒకచోట తిండి లేకపోతే ఇంకో చోటికి ఈదుతుంది, నీళ్ళు వేడెక్కితే నీడకు పోతుంది. మనం నాలుగు అద్దాలు పెట్టి ఆ దారులన్నీ మూసేశాం. దారి మూసినవాళ్ళదే బాధ్యత. చేపలు పెంచడమే పాపమని నేను అనను. మనకు దొరికే కంచు, మిరియాల కోరీలు ఎక్కువగా తొట్లలో పుట్టినవే, వాటికి వాగు తెలియదు. తొట్టిలో పుట్టినా ఆకలి ఆకలే కదా.

ఇక్కడ కాసేపు చేపను పక్కన పెడతాను. మా అవ్వ ఈ ఊరి వీధులు ఊడ్చి రిటైరైంది. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో తరతరాలుగా ఈ పనిలో ఉన్నాయి, మన బడిలో చాలామంది ఇళ్ళలో ఇది కొత్త విషయం కాదు. అవ్వకు మంచి పేరుంది. అయినా ఆ వీధుల్లో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, "కుప్పమ్మా" అనేవారు. "కోపం రాలేదా అవ్వా?" అంటే, "పిలుపుకేం గానీ, ఎండలో నీళ్ళు తాగావా అని ఒక్కరన్నా అడగలేదురా" అంది. మురుగు కాలవలోకి రక్షణ సామాను లేకుండా మనిషిని దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా దింపుతున్నారు, చనిపోతున్నారు. మనుషుల్ని చేపలతో పోలుస్తున్నానని అనుకోవద్దు. నేను పోల్చేది పిలిచేవాళ్ళ నోటిని. "శుభ్రం చేసేది" అని ఒకసారి అనేశాక, దానికి మురికి అంటదని, ఆకలి వేయదని మనసు తనంతట తానే నమ్మేస్తుంది.

తొట్టి సంగతికొస్తే, కోరీ ఒంటరిగా బతికే చేప కాదు. ఒకే రకంవి కనీసం ఆరుండాలి. మూడు రకాలు రెండేసి కొంటే చూడ్డానికి బాగుంటుంది గాని అవి గుంపు కావు. అడుగున మెత్తటి ఇసుక పరవాలి. పైన తిరిగే చేపలు ముందే అన్నీ మింగేస్తాయి కాబట్టి, దీపం ఆర్పాక మునిగే గింజలు వేయాలి. ఆరు కొనడానికి నాయన డబ్బులివ్వకపోతే ఒకటి తెచ్చి సరిపెట్టుకోకండి, అసలు తేకండి. అడుగున చేరిన మురికి లాగడానికి సన్నటి రబ్బరు గొట్టం చాలు, అంగట్లో అడిగితే మీటరు లెక్కన కోసి ఇస్తారు.