మన మాట ఎవరి నోట?

ఊళ్లో తగవు వస్తే పెద్దలు చెట్టు కింద కూర్చుంటారు. ఎవరి మాట వాళ్లే చెప్పుకుంటారు. కోర్టులో అలా కాదు. మన మాటను నల్లకోటు వేసుకున్న మనిషి చెబుతాడు. మన బాధ ఇంకొకరి నోటి నుంచి వచ్చినప్పుడు అది మనదిగానే ఉంటుందా? మంచి వకీలు ఎవరని వెతికేముందు మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

కొన్నేళ్ల కిందట మా ఊరి తాత ఒకాయన భూమి కేసు కోసం కాగితాల మీద వేలిముద్ర వేశాడు. మూడేళ్లు వాయిదాలకు తిరిగాడు. వాయిదా వచ్చినప్పుడల్లా కోడినో మేకనో అమ్మేవాడు. చివరికి ఆ కాగితాలు తెచ్చి చూపిస్తే తెలిసింది, ఆయన దున్నే చెక్క ఒకటి, అందులో రాసిన సర్వే నంబరు మరొకటి. వేలిముద్ర పడకముందు అవే కాగితాలు మా బడి వరండాలో అరగంట ఉన్నాయి. పంతుళ్లం ముగ్గురం ఉండి కూడా, పని ఉందని చదవలేదు. తప్పంతా వకీలుదే అని మేం అనలేం.

అయితే సరైన వకీలు ఎవరు? గట్టిగా అరిచేవాడా? మనవాడా? మన పిల్లలు లా చదివి కోర్టుకెక్కితే మనకు గర్వమే. కానీ చుట్టరికం కేసు చదవదు. ముందు మన మాట పూర్తిగా వినేవాడు, తను రాసింది మనకు అర్థమయ్యేలా చదివి చెప్పేవాడు, గెలుపు ఖాయమని ఒట్టు పెట్టనివాడు మనకు కావాలి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదని చెప్పే 1/70 చట్టం కింద కేసులు నడిపారా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఫీజు ఎంతో ముందే తేల్చుకోవాలి, రశీదు తీసుకోవాలి. గెలిస్తే భూమిలో వాటా ఇమ్మంటే లేచి వచ్చేయాలి. అలా అడగడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. నమ్మకం పోతే వకీలును మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని కాగితాలు పట్టుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

డబ్బు లేకపోతే? 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. ఊరికే వచ్చేది దానమని కొందరు సిగ్గుపడతారు. అది దానం కాదు, హక్కు. ఉచితంగా వచ్చిన వకీలునూ అవే ప్రశ్నలు అడగాలి.

మన వైపు బాధ్యత కూడా ఉంది. మనకు నష్టం చేసే సంగతిని వకీలు దగ్గర దాచకూడదు. చెట్టు కింద అబద్ధమాడని మనిషి కోర్టు మెట్లెక్కాక మారిపోతే, పోయేది కేసు ఒక్కటే కాదు.

వకీలుకు మనం ఇచ్చేది మన మాటను మోసే పని. మాట మాత్రం మనదే. అది దారిలో మారిపోకుండా చూసుకోవడం చదువుకున్న ప్రతి ఒక్కరి పని. ఈసారి వరండాలోకి కాగితం వస్తే, పాఠం ఒక అరగంట ఆగినా ఫరవాలేదు. పిల్లల ముందే చదువుదాం. అదీ పాఠమే.