నేల సంగతి దాచి నేల అమ్మవచ్చా?

పోయిన ఎండాకాలం ఒక కోయ గూడెంలో చింతచెట్టు కింద కూర్చున్నాం. చదువుకున్నవాళ్లం కదా, కాగితాలు చూసిపెడతామని ఒక పెద్దాయన మమ్మల్ని పిలిపించారు. ఆయనకు రోడ్డు పక్కన ముప్పావు ఎకరం నేల ఉంది. పదేళ్ల కిందట మైదానం నుంచి వచ్చిన ఒకాయన నోటిమాట మీద దాన్ని కౌలుకు తీసుకుని రేకుల షెడ్డు వేశాడు. పాత లారీ బ్యాటరీలు తెచ్చి పగలగొట్టించి, లోపలి పలకలు కరిగించి, సీసం దిమ్మలు పోయించి పట్నానికి పంపేవాడు. నాలుగేళ్లు నడిపి ఒకరోజు సామాను ఎత్తుకుని వెళ్లిపోయాడు. ఆ కౌలే 1/70 చట్టానికి విరుద్ధం. అందుకే కాగితం లేదు, పట్టుకుని అడగడానికి చిరునామా కూడా లేదు.

ఇప్పుడు ఆ నేలను పక్క ఊరి కుర్రాడు కొంటానంటున్నాడు. మనవాడే. ఇల్లు కట్టుకుని, ముందు గదిలో చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతాడట. ఆదివాసీ నుంచి ఆదివాసీకి అమ్మకం కాబట్టి చట్టం అడ్డు రాదు. పహాణీ చూశాం, హద్దులు చూశాం. అన్నీ సరిగానే ఉన్నాయి. అప్పుడు పెద్దాయన అసలు మాట అడిగారు.

"బాబూ, యాసిడ్ అంతా ఆ మూల గుంటలో పోసేవాళ్లు. బట్టీలో మిగిలిన మడ్డి కూడా అక్కడే పూడ్చారు. కూలికి పోయి నేనూ పూడ్చాను. ఇది చెబితే ఎవరు కొంటారు? చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన కూతురు నర్సింగు చదువుతోంది. ఫీజు కోసమే అమ్మకం. ఆ ప్రశ్నకు అక్కడికక్కడ మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. ఇంటికి వచ్చాక కూడా అది మమ్మల్ని వదల్లేదు.

ముందుగా ఒక మాట. ఆయన చెడ్డవాడు కాదు. మోసం చేయాలనుకున్నవాడు మమ్మల్ని పిలిచి అడగడు. అయినా ఆయన ప్రశ్నలో రెండు ముక్కలు ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి. "ఎవరు కొంటారు" అన్నది బతుకు ప్రశ్న. "ఎవరికి తెలుస్తుంది" అన్నది నీతి ప్రశ్న. మొదటిది కష్టమైనదని రెండోదానికి జవాబు మారదు.

రెండోదాని సంగతి చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవాడి మీద ఒక బాధ్యత పెట్టింది. ఆస్తిలో ఉన్న ముఖ్యమైన లోపం తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే, అమ్మేవాడే దాన్ని చెప్పాలి. పూడ్చిన మడ్డి సరిగ్గా అలాంటి లోపం. పైన గడ్డి మొలిచి ఉంది. కొనేవాడు పదిసార్లు నడిచి చూసినా కనబడదు. ఆ చట్టం రాకముందు కూడా ఈ నీతి మనకు తెలుసు. కుంటి ఎద్దును పొద్దుగూకాక అమ్మినవాడిని మన పెద్దలు పంచాయితీలో కూర్చోబెట్టి అడిగేవారు.

కానీ ఎద్దు వేరు, నేల వేరు. ఎద్దు విషయంలో నష్టపోయేది కొన్నవాడు. నేల విషయంలో బేరంలో లేనివాళ్లు కూడా నష్టపోతారు. ట్యూషన్‌కు వచ్చే పిల్లలు ఆ మట్టిలో ఆడతారు. చేతులు నోట్లో పెట్టుకుంటారు. సీసం కుళ్లిపోయేది కాదు, ఎండకు ఆరిపోయేది కాదు. ఎక్కువగా పైమట్టిలోనే ఉండిపోయి దుమ్ముతో లేస్తుంది. పెద్దవాళ్ల ఒంటికంటే పిల్లల ఒళ్లు దాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంత వరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చదువులో వెనకబడిన పిల్లవాడిని చూసి "వీడికి బుర్ర లేదు" అంటాం. నేలను అనుమానించం. ఇది చదువుతున్న ఉపాధ్యాయులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

అయితే ఒక కాగితం మీద రాసి ఇచ్చేస్తే సరిపోతుందా? అమెరికాలో నయాగరా ఫాల్స్ పట్టణంలో జరిగింది గుర్తు చేసుకోవాలి. అక్కడ లవ్ కెనాల్ అనే పాత కాలువలో ఒక రసాయన కంపెనీ 1942 నుంచి పదేళ్లకు పైగా వేల టన్నుల వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ నేలను స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. లోపల రసాయనాలు ఉన్నాయని, ఇకముందు ఎవరికి ఏమైనా తమకు పూచీ లేదని దస్తావేజులో రాయించింది. బోర్డు అక్కడ బడి కట్టింది. చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఇలాంటి నేలలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం ఆ దేశంలో 1980లో వచ్చింది.

కంపెనీ చెప్పింది, నిజమే. కానీ ఆ చెప్పడం తాను తప్పుకోవడానికి. విన్న బోర్డు పట్టించుకోలేదు. ఆ మట్టిమీద బతకబోయే తల్లులకు ఎవరూ చెప్పలేదు. కాబట్టి చెప్పడమంటే చేతులు దులుపుకోవడం కాదు. ఎవరి ఒంటికి దెబ్బ తగులుతుందో వాళ్లకు, వాళ్ల భాషలో, నిర్ణయం జరగకముందే తెలియాలి. మన దగ్గరైతే అది గ్రామసభలో జరగాలి.

ఇక కొనేవాడి సంగతి. "నాకు తెలియదు" అనేవాడు అమాయకుడు కావచ్చు. తెలుసుకోవాలనుకోనివాడు మాత్రం అమాయకుడు కాడు. నేలను చూసే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. మొదటి మెట్టు నేల చరిత్ర అడగడం. ఇక్కడ ఏం నడిచింది, ఎన్నేళ్లు నడిచింది, మురుగు ఎటు పారింది, ఏం పూడ్చారు? పాత కూలీలకంటే బాగా చెప్పగలవాళ్లు ఉండరు. రెండో మెట్టు కళ్లతో చూడటం. రంగు మారిన మట్టి, మొక్క మొలవని మచ్చలు, ఎత్తుపల్లాలు, దగ్గరలోని బావి. పచ్చగా ఉంది కాబట్టి మంచిదే అనుకోకూడదు. మూడో మెట్టు మట్టి తీసి పరీక్ష చేయించడం. ఒక్క చోట పిడికెడు తీస్తే చాలదు. అనుమానం ఉన్న మూలలో పైమట్టి వేరుగా, లోతుమట్టి వేరుగా తీయాలి. షెడ్డుకు దూరంగా మంచి నేలలో కూడా తీసి పోల్చాలి. అన్నీ ఒకే సంచిలో కలిపితే మూలనున్న విషం మంచి మట్టిలో కలిసి తక్కువగా కనబడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మన రైతులకు ఇచ్చే భూసార పరీక్ష కార్డులో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు లాంటివి పంటకు ఎంత అందుతాయో అది చెబుతుంది. సీసం అందులో లేదు. ఆ కార్డు చూపించి "నేల బాగుంది" అంటే నమ్మకూడదు. భారలోహాల పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి.

అంకె వచ్చాక కూడా ఆలోచన ఆగకూడదు. అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల స్థలాల్లో మట్టిని పరిశీలించడానికి చాలా ఏళ్లు కిలోకు 400 మిల్లీగ్రాముల సీసాన్ని గీతగా పెట్టుకుంది. 2024లో దాన్ని 200కు దించింది. 300 ఉన్న మట్టి ఆ మధ్యలో మారలేదు, మనిషి గీసిన గీత మారింది. అంకె మనకు సాయం చేస్తుంది, కానీ ఆ నేలమీద ఎవరు ఉండబోతున్నారో చూసే పని మనదే. గోడౌనుకు సరిపోయే నేల పసిపిల్లలకు సరిపోకపోవచ్చు.

ఇప్పుడు బతుకు ప్రశ్నకు వద్దాం. విషం పోసింది పెద్దాయన కాదు. లాభం తిన్నదీ ఆయన కాదు. మరి నిజం చెప్పిన నష్టం ఆయన ఒక్కడే ఎందుకు మోయాలి? రాజస్థాన్‌లోని బిచ్చ్‌డీ గ్రామం కేసులో సుప్రీంకోర్టు 1996లో తేల్చి చెప్పింది: నేలను, నీటిని పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. నీతి స్పష్టంగా ఉంది. కానీ ఆ డబ్బు కోసం అదే కోర్టు 2011లో మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ చిరునామా ఉన్న కంపెనీలతోనే అంత కాలం పడితే, చిరునామా లేనివాడితో మన పెద్దాయన ఏం చేయగలడు?

నేలను తవ్వి ఎత్తేస్తే సరి అనేవాళ్లూ ఉన్నారు. ఎత్తిన మట్టి ఎక్కడికి పోతుంది? భోపాల్ ఫ్యాక్టరీలో పడి ఉన్న 337 టన్నుల వ్యర్థాలను 40 ఏళ్ల తర్వాత, 2025 జనవరిలో, పీథంపూర్‌కు తరలించారు. అది ఆదివాసీలు ఎక్కువగా ఉండే ధార్ జిల్లా. అక్కడి జనం మాకెందుకు ఇది అని రోడ్డెక్కారు. మన గూడెం మట్టిని ఇంకో గూడెం వాగు పక్కన పోస్తే అది బాగుచేయడం కాదు. తెలిసినవాళ్ల చేత సరైన చోటికి పంపించాలి. అప్పటిదాకా కప్పి, కంచె వేసి, పిల్లలను దూరంగా ఉంచాలి.

మేము చివరకు పెద్దాయనతో చెప్పింది ఇది: "చెప్పాలి మామా. కానీ ఒక్కడివే చెప్పొద్దు, మేమూ వస్తాం." పటేల్ ముందు, కొనే కుర్రాడి ముందు ఆయన అంతా చెప్పారు. కుర్రాడు ఆయన మీద కోప్పడలేదు. మా వైపు తిరిగి అడిగాడు. "నాలుగేళ్లు పొగ కనబడింది కదా అన్నా, మీరంతా ఏం చేశారు?"

దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ రోడ్డునే మేము బడికి వెళ్లేవాళ్లం. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దాటేవాళ్లం. విత్తనాల పండుగ చేయనిదే గింజ వేయని వాళ్లం, నేలలో యాసిడ్ పోస్తుంటే ఏమిటని అడగలేదు. అమ్మేవాడు దాచకూడదని చెప్పే హక్కు మాకు రావాలంటే, ముందు మేము చూసీ చూడనట్టు ఊరుకున్నామని ఒప్పుకోవాలి.

కలుషిత స్థలాల కోసం దేశంలో ప్రత్యేక నియమాలు 2025 జూలైలో వచ్చాయి. గనుల వల్ల చెడిన నేలను వాటి నుంచి మినహాయించారు, అది మన ప్రాంతాలకు పెద్ద లోటు. కానీ ఇలాంటి షెడ్ల విషయంలో స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాన్ని గుర్తించాలి, జనం ఫిర్యాదు చేసినా గుర్తించాలి. గ్రామసభ తీర్మానం రాసి పంపాం. జవాబు ఇంకా రాలేదు.

కుర్రాడు ఆ నేల కొనలేదు. వేరే చోట వెతుక్కుంటున్నాడు. మేము తలా కొంత వేసి పెద్దాయన కూతురి ఫీజు మొదటి వాయిదా కట్టాం. రెండోది ఇంకా కట్టాలి. గుంట ఉన్న మూల చుట్టూ ముళ్లకంచె వేశాం. బడి పిల్లలను తీసుకెళ్లి, ఇక్కడ ఆడకూడదని ఎందుకు అంటున్నామో వివరంగా చెప్పాం. మీ ఊళ్లో కూడా మూతపడిన షెడ్డు, మిల్లు, బట్టీ ఏదైనా ఉంటే, అది చేతులు మారకముందే పాత కూలీలను కూర్చోబెట్టి అక్కడ ఏం జరిగిందో రాసి పెట్టుకోండి. ఆ రాత గ్రామసభ పుస్తకంలో ఉండాలి. ముసలివాళ్లు పోయాక అడిగితే చెప్పేవాళ్లు ఉండరు.