బాగుందా, బాగుందా?

"ఇన్ని డబ్బులు పోసి తీసుకొస్తే ఏడుస్తావేందిరా?"

ఈ మాట మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఎగ్జిబిషన్‌లో వినొచ్చు, తిరునాళ్ళలో వినొచ్చు. కానీ తనివితీరా వినాలంటే మాత్రం మే నెలలో ఒక ఆదివారం మద్రాసు పక్కనో హైదరాబాదు పక్కనో ఉన్న థీమ్ పార్కుకి వెళ్ళాలి. (చెన్నై అని రాయాలని తెలుసు. మా నెల్లూరు వాళ్ళ నోటికి ఇంకా మద్రాసే వస్తుంది.) పదకొండు గంటలయ్యేసరికి తెలుగులో, తమిళంలో, హిందీలో ఇదే మాట. భాష మారినా రాగం ఒకటే.

కోపంలో అన్న మాటకి అర్థాలు తియ్యకూడదంటారు. అయినా ఈ మాటలో ఒక ధర్మసందేహం దాక్కుని ఉంది చూడండి. మనం ఒకరికి సంతోషం కొనిచ్చాం అనుకుందాం. వాళ్ళు సంతోషించి తీరాలా? సంతోషించకపోతే అది తప్పేనా? అన్నం పెట్టి తినమనొచ్చు, పుస్తకం కొనిచ్చి చదవమనొచ్చు. రంగులరాట్నం ఎక్కించి "సంతోషించు" అని ఆజ్ఞాపించటం కుదిరే పనేనా?

మా చెల్లెలిని ఇచ్చింది తోటపల్లి గూడూరులో. నెల్లూరుకి తూర్పుగా, సముద్రం వైపు. వరి మళ్ళు, రొయ్యల గుంటలు, ఇంకాస్త ముందుకెళితే కోడూరు సముద్రం. పిల్లలు ఆడుకోవటానికి అంత ఇసక ఉంది, టికెట్టు లేదు. అంతమాత్రాన "మన ఇసకే స్వర్గం, ఆ పార్కులెందుకు?" అని నేను పాట ఎత్తుకోబోవటం లేదు. ఆ పాట పాడేవాళ్ళు, చంటివాణ్ణి సముద్రం ఒడ్డున ఆడనిచ్చి రెప్ప వెయ్యకుండా నిలబడ్డ తల్లిని ఒకసారి అడిగి చూడాలి. కోడూరు కెరటం ఎవరి మాటా వినదు. పార్కులో కెరటానికి మీట ఉంటుంది. నొక్కితే వస్తుంది, ఆపితే ఆగుతుంది. ఆ రెండు గంటలు తల్లి ప్రాణం కూడా కాస్త స్థిమితంగా ఉంటుంది.

ఇంకో సుఖం కూడా ఉంది. పెళ్ళయి పన్నెండేళ్ళయినా మా చెల్లెలు గొంతెత్తి మాట్లాడగా ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. అలాంటిది, ఆ తిరిగే యంత్రంలో కూర్చుని గుండెలు పగిలేలా అరిచింది. దిగాక కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఎవరూ "ఏమిటమ్మా ఆ కేకలు?" అనలేదు. పెద్ద ఆడది అరిచినా, పకపకా నవ్వినా కారణం అడగని చోట్లు మనకి ఎన్ని ఉన్నాయి? అంచేత పార్కుల మీద నాకు కోపం లేదు.

అసలు ఈ పార్కులు పుట్టిన కథ కూడా పెద్దవాళ్ళ కథే. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు ఆడపిల్లల్ని లాస్ ఏంజెలస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళి, వాళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే తను బెంచీ మీద వేరుశనక్కాయలు తింటూ కూర్చునేవాడట. పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉంటే ఎంత బాగుండును అని ఆ బెంచీ మీదే అనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచారు. మన దేశానికి ఈ సరదా రావటానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1984లో ఢిల్లీలో అప్పూ ఘర్ వచ్చింది (2008లో మూసేశారు). మన దేశపు మొదటి త్రీడీ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్ 1995లో తాంబరంలో కిష్కింధ పెట్టారు. హైదరాబాదు పక్కన రావిర్యాలలో వండర్‌లా వచ్చింది 2016లో. ఇన్ని వచ్చినా బెంచీలు మాత్రం పోలేదు. ఎప్పుడు చూసినా వాటి మీద బ్యాగులు, చెప్పులు, తడి తువ్వాళ్ళు, వాటికి కాపలాగా ఒక అమ్మ.

మేం వెళ్ళింది రొయ్య బాగా నిలబడిన ఏడాది. ఏ ఏటికి ఆ ఏడు జూదంలా ఉండే వ్యవసాయం అది. ఒక రాత్రి కరెంటు పోయి గాలి మరలు ఆగిపోతే తెల్లారేసరికి గుంట గుంటంతా తేలిపోతుంది. అందుకని చేతిలో డబ్బు ఉన్నప్పుడే పిల్లల ముచ్చట తీర్చాలన్నాడు మా మరిది. తెల్లవారుజామున మూడింటికి వ్యాన్ కదిలింది. పులిహోర, దద్దోజనం, పిల్లవాడికి ఫ్లాస్కులో పాలు. సూళ్ళూరుపేట దగ్గర తెల్లారింది. పిల్లకి తొమ్మిదేళ్ళు, పిల్లవాడికి నాలుగు.

గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర ఒకటి ఉంటుంది. ఇంత ఎత్తు లోపు అయితే టికెట్టు లేదు, అంత ఎత్తు దాటితే పెద్ద టికెట్టు. ఆ కర్ర పక్కన ఒక పావుగంట నిలబడితే చాలు, మన నీతిశాస్త్రం అంతా కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. టికెట్టు దగ్గర "ఒరే, మోకాళ్ళు కాస్త వంచు" అని చెవిలో చెప్పిన తండ్రే, లోపల పెద్ద ఆట దగ్గరికి రాగానే "మడమలెత్తి నిలబడరా!" అంటాడు. పిల్లవాడు ఒకే పూటలో పొట్టివాడూ పొడుగువాడూ అయ్యి, అబద్ధం ఆడకుండానే అబద్ధం ఎలా ఆడాలో నేర్చుకుని వస్తాడు.

పదకొండింటికి మావాడు ఏడుపు అందుకున్నాడు. పెద్ద తలకాయ తగిలించుకున్న ఎలుగుబంటి బొమ్మ ఒకటి వచ్చి చెయ్యి చాచింది. మనకి బొమ్మ, వాడికి నిజం ఎలుగుబంటి. తర్వాత వాడు ఏ ఆటా ఎక్కనన్నాడు. కాళ్ళు కడుక్కునే కొళాయి దగ్గర నీళ్ళు కారి చిన్న కాలవ కట్టింది. దాంట్లో ఆకు వేసి అది పోయేదాకా చూసి, పరుగెత్తుకుంటూ వచ్చి మళ్ళీ ఇంకో ఆకు. గంటసేపు అదే ఆట. "ఈ ఆకులాట ఆడించడానికా నిన్ను ఇంత దూరం మోసుకొచ్చింది!" అని వాళ్ళ నాన్న నెత్తి కొట్టుకున్నాడు. పైన నేను చెప్పిన మాట కూడా అప్పుడే అన్నాడు.

కానీ ఏడ్చినవాడి గురించి నాకు బెంగ లేదండీ. వాడి మనసులో ఉన్నది వాడి మొహం మీద ఉంది. నేను చూస్తున్నది పిల్లని.

ప్రతి ఆటా ఎక్కి దిగగానే నాన్న "బాగుందా?" అని అడుగుతాడు. అది ముందు ఆయన మొహంలోకి చూస్తుంది. చూసి, "బాగుంది నాన్నా" అంటుంది. రొయ్యలకి మేత వేశాక, తిన్నాయో లేదో చూడటానికి గుంటలో చెక్‌ట్రే అని ఒక పళ్ళెం దించుతారు. కాసేపాగి దాన్ని పైకెత్తి చూస్తారు. మేత మిగిలితే రైతు గుండె జారిపోతుంది. మా మరిది పిల్ల మొహాన్ని అచ్చం అలాగే ఎత్తి ఎత్తి చూశాడు. పిల్లకి ఆ సంగతి తెలుసు. తెలిసి, పళ్ళెం ఖాళీగా చూపించింది.

అన్నాల దగ్గర నా పక్కన చేరి, చల్లబడిపోయిన చెయ్యి నా చేతిలో పెట్టి, గుసగుసగా "పెద్దమ్మా, ఆ పైకెత్తేది మళ్ళా ఎక్కాల్నా? నాకు బయమేస్తాంది. నాన్నకి చెప్పబాక" అంది.

తొమ్మిదేళ్ళ పిల్ల, తన భయాన్ని నాన్న కోసం దాచిపెట్టుకుంది. ఇది మంచితనమా? మంచితనమే, కాదనను. నాన్న ఎండలో నిలబడి కష్టపడి సంపాదించిన డబ్బు అని దానికి తెలుసు. కానీ ఆ మంచితనం ఎక్కడికి దారి తీస్తుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆయన ముచ్చటపడి తెచ్చిన చీర రంగు మనకి బొత్తిగా నప్పదు. "బాగుందండీ" అంటాం. అత్తగారు తన చిన్ననాటి నగ చెరిపించి చేయించిన గాజులు చేతికి పట్టవు. "బాగున్నాయత్తయ్యా" అంటాం. ఇరవై ఏళ్ళు ఇలా అంటూ పోయాక, ఒకరోజు ఎవరో "నీకేం ఇష్టం?" అని అడిగితే వెంటనే జవాబు దొరకదు. మన సంతోషాన్ని అవతలి వాళ్ళ మొహంలో చూసి చెప్పటం అలవాటైపోయి, లోపల చూసుకునే అలవాటు తప్పిపోతుంది. మగపిల్లవాడు ఏడిస్తే "మొండివాడు" అని ఊరుకుంటారు. ఆడపిల్ల ఏడవకపోతే "బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు కోసం అది ఇంకా నవ్వుతుంది.

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు తీరులుగా చెప్పారు. ఇవ్వటం నా విధి అనుకుని, తిరిగి ఉపకారం చెయ్యలేనివాళ్ళకి ఇచ్చేది మొదటిది. బదులు ఆశించి, లేదా లోపల బాధపడుతూ ఇచ్చేది రెండోది. మూడోదాని జోలికి మనం పోవద్దు. నాలుగేళ్ళ పిల్లవాడి కంటే తిరిగి ఉపకారం చెయ్యలేనివాడు ఎవడుంటాడు చెప్పండి! వాడికి ఇచ్చింది సాత్విక దానమే కావాలి. కానీ టికెట్టు ధర గుర్తు చేసిన మరుక్షణం అది రెండో వరసలోకి జారిపోతుంది. ఇచ్చిన దానికి బదులు అడుగుతున్నాం, నవ్వు రూపంలో.

అయితే మా మరిదిని తప్పుపట్టి చేతులు దులుపుకుంటే అన్యాయం. బిడ్డ మొహంలో వెలుగు చూడాలని ఏ తండ్రికి ఉండదు? ఏడాదంతా గుంటగట్టు మీద కాపలా కాసి సంపాదించినది, ఒక్క పూటలో ఖర్చు పెట్టాడు. ఆ నవ్వు తప్ప ఆయనకి అక్కడ ఇంకేం దక్కుతుంది? చూడాలనుకోవటం వేరు, వసూలు చెయ్యటం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న గీత చాలా సన్నం. మొదటిసారి "బాగుందా?" అంటే ప్రేమ. ఎనిమిదోసారి అంటే లెక్క చూసుకోవటం. జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఆత్మకథ ఆయన పోయాక 1873లో అచ్చయింది. సంతోషంగా ఉన్నానా అని తనని తాను అడగటం మొదలుపెడితే ఆ సంతోషం కాస్తా పోతుందని అందులో రాశాడు. తనంతట తను అడుగుకుంటేనే అలా అయితే, ఇంకొకరు ఆటకోసారి అడిగితే ఏం మిగులుతుంది?

"మరి పిల్లలకి కృతజ్ఞత నేర్పొద్దా?" అంటారేమో. నేర్పాల్సిందే. పిన్ని పండక్కి గౌను తెచ్చింది, పిల్లకి అది నచ్చలేదు. "బాగుందని చెప్పు" అని మనం గిల్లుతాం. అలా కాకుండా "నా కోసం తెచ్చావా పిన్నీ!" అనమంటే? అందులో అబద్ధం లేదు. తెచ్చిన మనసుకి దణ్ణం పెట్టటం మర్యాద, అది నేర్పితే వస్తుంది. తెచ్చిన వస్తువు నచ్చటం మర్యాద కాదు, అది నేర్పితే రాదు. నేర్పాలని చూస్తే నటన వస్తుంది.

నటన అంటే గుర్తొచ్చింది. మద్రాసు ఈస్ట్ కోస్ట్ రోడ్డులో వీజీపీ వాళ్ళ గోల్డెన్ బీచ్‌లో శిలామనిషి ఒకాయన గురించి మా నెల్లూరు వైపు కూడా కథలుగా చెప్పుకునేవారు. తలపాగా, మీసాలతో రాజుగారి కాపలాదారులా కదలకుండా నిలబడతాడు. జనం చుట్టూ చేరి వెక్కిరిస్తారు, గంతులేస్తారు. ఆయన నవ్వడు. నవ్వకపోవటమే ఆయన ఉద్యోగం, దానికి జీతం ఇస్తారు. పక్కనే మన పిల్లలు నవ్వే ఉద్యోగం చేస్తుంటారు, జీతం లేకుండా.

పిల్లలు మన రుణం ఎలా తీర్చుకుంటారు మరి? నెల్లూరులో మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది. కులమతాలు లేకుండా జనం నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. ఏదో ఒక కోరికతో రొట్టె అందుకుని తింటారు. ఆ కోరిక తీరితే తర్వాత వచ్చి రొట్టె పంచుతారు. ఎవరికి? తనకి ఇచ్చినావిడని వెతికి పట్టుకుని కాదు. అదే కోరికతో చెయ్యి చాచిన ఇంకో కొత్త మనిషికి. ఇచ్చినావిడ ఎవరో, ఏ ఊరో చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇన్నేళ్ళుగా నెల్లూరులో ఈ లెక్క ఎక్కడా తప్పకుండానే నడుస్తోంది. మా మరిదికి చిన్నప్పుడు వాళ్ళ నాన్న తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కించి ఉంటాడు. ఆ అప్పు ఆయన ఈ పిల్లలకి తీర్చాడు. ఇంక పిల్లల దగ్గర బాకీ ఎక్కడిది?

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో మా చెల్లెలికి ఒక ఆలోచన వచ్చింది. "ఏది బాగుంది?" అని కాకుండా, "ఏది బాగాలేదు, చెప్పుకోండి" అంది పిల్లలతో. పెద్దవాళ్ళం కూడా చెప్పాలని షరతు. మా మరిదే మొదలుపెట్టాడు. ఆ గుండ్రంగా తిరిగేదాంట్లో తనకి కడుపులో తిప్పిందనీ, పిల్లల ముందు బాగుండదని గమ్మునున్నాననీ చెప్పాడు. పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుని నాన్నని చూసింది. నాయుడుపేట వచ్చేలోగా మూడు ఆటలు బాగాలేవని అదీ తేల్చి చెప్పింది. పిల్లవాడు నిద్రలోనే ఉన్నాడు, వాడి గుప్పిట్లో ఎండిన ఆకు ఒకటి ఉంది.

ఈ ఏడు మళ్ళీ ప్రయాణం అనుకుంటున్నారు, రొయ్య నిలబడితే. పిల్ల మాత్రం ముందే చెప్పేసింది, ఆ పైకెత్తేది తను ఎక్కదట, కింద బెంచీ మీద కూర్చుని బ్యాగులు చూసుకుంటుందట. బ్యాగుల కాపలా నాకు తప్పింది కాబట్టి దాంట్లో ఇప్పుడు నేనెక్కాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. నాకు బయమేస్తాంది అంటే వినేవాళ్ళు లేరు.