మడమ కింద మీట

మోటారు సైకిలు మగవాళ్ళ గొడవ, దాంతో మనకేం పని అనుకుంటాం. కాని పాత బుల్లెట్ బండికో చిన్న మీట ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు సంసారాలే గుర్తొస్తాయి.

1955లో మద్రాసులో, ఇంగ్లండు నుంచి తెప్పించిన భాగాలతో కూర్చడం మొదలుపెట్టిన 350 బుల్లెట్ అది. ఒకటే సిలిండరు, నాలుగు గేర్లు. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. గేరు పెడలు పక్కనే మడమతో నొక్కే మరో మీట. న్యూట్రల్ ఫైండర్ అంటారు. బండి నాలుగో గేరులో ఉన్నా, మూడులో ఉన్నా, రెండులో ఉన్నా సరే, క్లచ్ పట్టుకుని దాన్ని ఒక్క నొక్కు నొక్కితే చాలు. ఒక్కో మెట్టే దిగే పని లేకుండా న్యూట్రల్‌కి వచ్చేస్తుంది.

ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు మనకూ అలాంటి మీట ఉంటే ఎంత బాగుండును! "నువ్వే కాస్త తగ్గమ్మా" అని పెద్దవాళ్ళు ఆడపిల్లకి నేర్పేదీ ఇదే. తగ్గడం మంచిదేనా అంటే, మంచిదే. కూర మాడిందనీ, చుట్టం పలకరించలేదనీ పంతాలు పోయి ఎవరు బాగుపడ్డారు?

కాని న్యూట్రల్‌లో ఇంజను ఆగిపోదండీ. కొట్టుకుంటూనే ఉంటుంది. దాని బలం చక్రానికి అందదు, అంతే. ఊరుకున్న మనిషి ఒప్పుకున్నట్టు కాదని ఇంట్లోవాళ్ళకి తెలియాలి. పైగా ఆ మీట మొదటి గేరులో పనిచెయ్యదు. బరువుతో ఎత్తు ఎక్కించే గేరు అది. దానికి అడ్డదారి పెట్టలేదు. పిల్ల చదువు మాన్పించేద్దాం అన్న మాట వచ్చిందనుకోండి, అప్పుడు తల్లి ఉండవలసింది ఆ గేరులోనే.

ఇంకో సంగతి. వాలు మీద న్యూట్రల్‌లో వదిలేసిన బండి వాలు ఎటుంటే అటే పోతుంది. ప్రతిదానికీ "మీ ఇష్టం" అనే ఇల్లాలిని శాంతస్వభావురాలని మెచ్చుకుంటారు గాని, ఆవిడ ఎటు పోతోందో ఎవరైనా చూశారా?

తర్వాత తర్వాత గేర్లు ఎడమకాలికి మారిన బుల్లెట్లలో ఆ మీట లేకుండా పోయింది. మన ఇళ్ళల్లో మాత్రం ఉంది, అదీ ఒక్కళ్ళ కాలికిందే. న్యూట్రల్ అంటే కాసేపు ఆగి, ఈసారి ఏ గేరు వెయ్యాలో చూసుకునే చోటు. అక్కడే కాపురం పెట్టమని ఏ మెకానిక్కూ చెప్పడు. మరి మనకెందుకు చెబుతారో!