వడ్డించు చేయి

(ధ్యాన భాగములు: దానియేలు 1వ అధ్యాయము, రోమీయులకు 14వ అధ్యాయము)



పంక్తిలో కూర్చున్నవాడు చాలునని చెప్పిన తరువాత మనము మరియొక గరిటెడు వడ్డించుచున్నామే, అది అతని సంతోషము కొరకా, మన సంతోషము కొరకా? ఈ ప్రశ్న మా యింటి విందులోనే నాకు ఎదురైనది.

ఒక క్రిస్మసు దినమున మా బావగారు భోజనమునకు వచ్చిరి. "రక్తములో కొలెస్టెరాల్ ఎక్కువగా ఉన్నదని డాక్టరు గారు చెప్పిరి. మాంసము కొంచెము చాలును" అని మెల్లగా అనిరి. నేను నవ్వి, "పండుగ పూట కూడ పత్యమా బావగారూ? మీ చెల్లెమ్మ చేతి వంట రుచింపలేదా?" అని విస్తరి నింపి, అన్నముమీద నెయ్యి పోసితిని. మా మనస్సు నొప్పింపలేక ఆయన తినిరి. మూడు నెలలు తిరుగక మునుపే గుండెపోటుతో ఆస్పత్రిలో చేరిరి. దేవుని కృపవలన బ్రదికిరి. ఆ ఒక్క పూట భోజనమే కారణమని ఏ వైద్యుడును చెప్పడు. అయినను ఆయన నన్ను ఒక్క సహాయము అడిగెను; నేను ప్రేమ పేరిట దానిని త్రోసివేసితిని. ఇది కాదనలేను.

కొలెస్టెరాల్ అనునది విషము కాదు. శరీరమునకు అవసరమైన మైనమువంటి పదార్థము. దానిలో అధిక భాగమును మన శరీరమే తయారుచేయును. హద్దు మీరినప్పుడు అది రక్తనాళముల గోడలలో పేరుకొని దారిని ఇరుకు చేయును. నొప్పి లేదు, జ్వరము లేదు. రక్తపరీక్ష చేసిన గాని తెలియదు. ఆరోగ్యముగా కనబడుచున్నవాడు వద్దన్నప్పుడు మనము నమ్మకపోవుటకు ఇదియే కారణము.

ఆహార విషయమై సహోదరునికి అడ్డము కలుగజేయవద్దని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. అక్కడి వివాదము మనస్సాక్షిని గూర్చినది, రక్తనాళములను గూర్చినది కాదు. అయినను సూత్రమొక్కటే: నాకు తినుటకు స్వాతంత్ర్యమున్నది గనుక నా సహోదరుని బలవంతపెట్టుటకు నాకు హక్కు కలుగదు.

"అట్లయిన విందులు మానవలెనా? భోజనపు బల్లను మందుల కొట్టు చేయవలెనా?" అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పండుగ ఏడాదికి కొన్ని దినములే. మేలైనను కీడైనను ఎక్కువగా చేయునది ప్రతి దినము పొయ్యిమీద నుండు కుండ. ఒక పెద్ద చెంచా నేతిలో సుమారు 8 గ్రాముల సంతృప్త కొవ్వు ఉన్నది. దినమునకు 2,000 కెలోరీలు తినువానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు హద్దు సుమారు 22 గ్రాములు. మూడు చెంచాలతో హద్దు దాటిపోవును. మాంసపు కొవ్వు, వెన్న, మీగడ ఇంకను లెక్కలోనికి రాలేదు. పప్పులు, శనగలు, చిక్కుడు, బెండకాయ, జామపండు, ఓట్లు మొదలగువాటిలో నీటిలో కరగు పీచు ఉన్నది. అది ప్రేగులలో పైత్యరసమును పట్టుకొని వెలుపలికి కొనిపోవును. పైత్యరసమును మరల చేయుటకు కాలేయము రక్తములోని కొలెస్టెరాల్‌ను వాడుకొనును. బీదవాని పప్పుచారులో ఇంత మేలున్నది!

దానియేలు శాకధాన్యములను కోరుకొనినది ఆరోగ్యము కొరకు కాదు, తన్ను అపవిత్రపరచుకొనకుండుటకే. అయినను ఒక సంగతి గమనించుడి. అతడు వినయముగా పది దినములు పరీక్షించుమని అడిగెను. అతని ముగ్గురు స్నేహితులును అదే భోజనము చేసిరి. మన యిండ్లలో రోగికి వేరు కూర వండి, మిగిలినవారు అతని యెదుటనే వేపుళ్లు తినుచుందురు. ఆ ఒంటరితనము చాలమందిని పత్యము విడిచిపెట్టునట్లు చేయుచున్నది. ఇంటివారందరు ఒకే కుండలోనిది తినినయెడల అతని భారము సగమగును.

ఇంకొక మాట. జబ్బుపడినవానిని తిండిపోతని తీర్పు తీర్చకుడి. రక్తములోని కొలెస్టెరాల్‌ను శరీర కణములు ఏలాగు లోనికి తీసికొనునో కనుగొనినందుకు గోల్డ్‌స్టీన్, బ్రౌన్ అను అమెరికా శాస్త్రజ్ఞులకు 1985లో నోబెల్ బహుమానము వచ్చెను. కొన్ని కుటుంబములవారికి పుట్టుకతోనే ఆ శక్తి తక్కువని వారు చూపిరి. అట్టివారు ఎంత మితముగా తినినను మందు కావలెను. వైద్యుడిచ్చిన మాత్రను పత్యము పేరిట మానుట భక్తి కాదు, వివేకమును కాదు.

మరుసటి క్రిస్మసుకు బావగారు మరల వచ్చిరి. ఈ సారి గరిటె ఎత్తక మునుపే, "ఏమి వడ్డింపమందురు బావగారూ?" అని అడిగితిని. ఆయన నా వైపు చూచి, "ఈ మాటతోనే కడుపు నిండినది" అనిరి. ఆ దినము మేమందరము చిక్కుడుకాయ కూర, పప్పుచారు, కొంచెము చేపల పులుసు తింటిమి. పండుగకు ఏమియు తక్కువ కాలేదు.

వడ్డించుటకు ముందు అడుగు ప్రేమను దేవుడు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.